సభా ద్వారం దగ్గర టోకెన్ కౌంటర్

తెలుగునాట సాహిత్య సభ ఏ ఊళ్ళో జరిగినా పరిచయ వాక్యం ఒకటే. "వీరు వృత్తి రీత్యా చార్టర్డ్ అకౌంటెంట్, ప్రవృత్తి రీత్యా కవి." హాలంతా చప్పట్లు. అకౌంటెంటు గారు తల వంచుకుంటారు, పగలంతా చేసిన పాపానికి సాయంత్రం ప్రాయశ్చిత్తం చేసుకోవడానికి వచ్చినట్టు. తర్వాత మైకందుకుని అమ్మ మీదో, వాన మీదో, ఊళ్ళో పూడిపోయిన చెరువు మీదో కవిత చదువుతారు. ఊళ్ళో పెద్దమనుషుల్లో ఎవరెవరు రెండేసి లెక్కల పుస్తకాలు రాయిస్తారో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆ ముక్క ఏ కవితలోకీ రాదు. వస్తే మహాకావ్యం అయ్యేది. సగం హాలు ఖాళీ కూడా అయ్యేదనుకోండి.

వృత్తినీ ప్రవృత్తినీ ఇంత శ్రద్ధగా విడదీస్తున్న నిర్వాహకులు ఆ పనేదో పద్ధతిగా చేస్తే బాగుంటుంది. అందుకని ఒక మనవి. చెప్పుల స్టాండు పక్కనే ఒక బల్ల వేయించండి. వచ్చినవాళ్ళు తమ ఉద్యోగాన్ని అక్కడ అప్పగించి, ఇత్తడి టోకెన్ తీసుకుని లోపలికి వెళ్ళాలి. పిల్లల డాక్టరు స్టెతస్కోపు ఒక్కటి ఇస్తే సరిపోదు. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఒక తల్లి తనవైపు చూసిన చూపు ఉంటుంది కదా, దాన్నీ ఇచ్చెయ్యాలి. బ్యాంకు మేనేజరు వేలం నోటీసులతో పాటు, అది చేతికందగానే రైతు అన్న మాటను కూడా కట్టకట్టి ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్ అమ్మాయి తెల్లవారుజామున సర్వర్ పడిపోయినప్పటి టెన్షన్‌ని ల్యాప్‌టాప్ బ్యాగులో కుక్కి జిప్పు వెయ్యాలి. సబ్ రిజిస్ట్రారు గారి సామాను ఒక బల్ల మీద పట్టదు, ఆయనకు వేరే గది చూడండి.

బల్ల దగ్గర వాలంటీరు ఒక్కొక్కరినీ తడిమి మరీ పంపిస్తాడు. "సార్, లోపలి జేబులో ఇంకా ఏదో అనుభవం తగులుతోంది. తీసెయ్యండి సార్, అధ్యక్షుల వారు కోప్పడతారు." అలా అందర్నీ ఖాళీ చేశాక లోపల తలా కాస్త వెన్నెల పంచుతారు. వెన్నెల వద్దన్నవాళ్ళకు వాన.

సభ ముగిశాక అసలు చిక్కు మొదలవుతుంది. టిఫిన్ దగ్గర తోపులాటలో టోకెన్లు తారుమారు. స్టెతస్కోపు మేనేజరుకి, వేలం నోటీసులు డాక్టరుకి. మర్నాడు పంట రుణం కోసం వచ్చిన మనిషి ఛాతీ మీద మేనేజరు స్టెతస్కోపు ఆనించి "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాడు. బ్యాంకులో చేరిన ఇన్నేళ్ళకు మొదటిసారి ఒక రైతు గుండె చప్పుడు విన్నాడు. ఆ రాత్రే కూర్చుని దాని మీద ఒక కవిత రాసుకున్నాడు. తర్వాతి సభకు తెచ్చాడు కూడా. బల్ల దగ్గర తీసేసుకున్నారు.

తమాషా ఏమిటంటే, ఇదే హాల్లో మరుసటి వారం అష్టావధానం ఉంటుంది. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది ఇస్తుంటారు, ఇంకొకాయన మధ్యమధ్యలో గంట కొడుతుంటాడు, మరొకాయన పనిగట్టుకుని అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తుంటాడు. అవధాని గారు పద్యం నడుపుతూనే గంటలు లెక్కపెట్టాలి, ఆ ప్రశ్నలకు చమత్కారంగా బదులివ్వాలి. చూసి మన కళ్ళు చెమరుస్తాయి. ఒక బుర్ర ఎనిమిది పనులు చేస్తే అది తెలుగుజాతి సొత్తు. ఒక కవిత రెండు పనులు చేస్తే కలగాపులగం.

హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు 1945లోనే వెళ్ళిపోయారు, అదృష్టవంతుడు. కాలికి గజ్జె, చేతిలో చిరతలు, కథ తనదే, పాట తనదే, అడుగూ తనదే. అది చాలక ఫార్సీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాంను సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చాడు. ఇవాళ ఏదైనా పురస్కారానికి దరఖాస్తు పెట్టుకుంటే 'విభాగం' అనే గడి దగ్గరే తిరస్కరించేవాళ్ళు. సంగీతమా, నాట్యమా, సాహిత్యమా, అనువాదమా, ఏదో ఒకదానికే టిక్కు పెట్టండి దాసుగారూ. విశాఖలో ప్లీడరీ చేసిన కథకుడు రావిశాస్త్రి నల్లకోటు విప్పి కౌంటర్లో ఇచ్చేసి ఉంటే సారా కేసుల్లో బోనెక్కినవాళ్ళ భాష మనదాకా వచ్చేదా? ఆయనా చక్కగా సముద్రం మీద రాసుకునేవాడు. విశాఖలో దానికేం కొదవ.

దీనికి పూర్తిగా ఎదురు రకం వాళ్ళూ ఉన్నారు. ప్రొఫైల్లో ఇంజనీర్, కవి, ఫొటోగ్రాఫర్, ట్రావెలర్, ఫుడీ, మధ్యలో నిలువు గీతలు. వాళ్ళలో ఆ నాలుగైదు కళల్నీ కలిపేది ఆ గీతలొక్కటే.

అలిశెట్టి ప్రభాకర్‌కు ఏ గీతలూ అక్కర్లేదు. ఫొటో స్టూడియో నడిపాడు, బొమ్మలు వేశాడు, కవితలు రాశాడు. ఆ చిన్న చిన్న కవితలు చదివితే మూడు పనులూ చేసింది ఒకే కన్ను అని తెలిసిపోతుంది. 1993లో, నలభై నిండకుండానే, క్షయతో పోయాడు. ఇప్పుడు ఆయన వర్ధంతి సభల్లో గొంతు బొంగురుపోయేలా మాట్లాడేవాళ్ళే మిగతా రోజుల్లో టోకెన్లు ఇస్తున్నారు.

నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. మొన్నొక సభలో ఒక లైన్‌మన్ కవిత చదివాడు. సబ్‌స్టేషన్‌లో ఎల్సీ, అంటే కరెంటు ఆపి లైన్ మీద పనిచేసుకోవడానికి అనుమతి, తీసుకుని, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ లాగించి, ప్రైవేటు హెల్పర్‌ను స్తంభం ఎక్కిస్తారు. ఎవరో ఇంట్లో జనరేటర్ వేసుకుంటారు. ఆపిన తీగలోకి ఆ కరెంటు వెనక్కి పారుతుంది, రిటర్న్ సప్లై. కింద నిలబడి తలెత్తి చూస్తున్నవాడు చెబుతున్నట్టుగా ఉందా కవిత. చదవడం అయ్యాక అధ్యక్షుల వారు నవ్వి అన్నారు: "బాబూ, నీలో స్పార్క్ ఉంది. కానీ టెక్నికల్ పదాలు ఎక్కువై కవిత్వం పలచబడింది. ఈ ఎల్సీలూ అవీ మాకెలా తెలుస్తాయి? ప్రకృతి మీద ప్రయత్నించు."

స్పార్క్ అంటే ఏమిటో ఆ హాల్లో తెలిసినవాడు అతనొక్కడే.

ఎలా తెలుస్తాయా? అడిగితే తెలుస్తాయి! గ్రాంథిక నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు వందల ఏళ్ళనాటి ప్రబంధంలో ఏనుగు అలంకారాలకు అర్థాలు వెతుక్కునే మనుషులు, ఇంట్లో ఫ్యాను తిరగడానికి ఎవడు ఎక్కడ చస్తున్నాడో చెప్పే రెండక్షరాల మాటకు అర్థం అడగలేరా? స్తంభం ఎక్కేది ఒకడు, రిజిస్టర్లో ఉండే పేరు ఇంకొకడిది. పోతే "మా మనిషి కాదు" అన్న మాట అంబులెన్స్ కంటే ముందొస్తుంది. ఈ సంగతి రాయగలిగినవాడు కష్టపడి కవిత్వం నేర్చుకుని, డ్యూటీ మార్చుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మీ సభకు వస్తే, వాడి చేతిలోని ఒక్క నిజాన్నీ లాక్కుని వెన్నెల పట్టుకోమంటారా? సిగ్గుండాలి.

అధ్యక్షుల వారి సలహా వృథా కాలేదు. లైన్‌మన్ కవిత ఒకటి ఈమధ్య ఆదివారం అనుబంధంలో అచ్చయింది. వెన్నెల మీదే. చదివాను, శుభ్రంగా ఉంది. పొలాలున్నాయి, ఏరుంది, కొంగలున్నాయి. ఊరి మొత్తానికి ఒక్క కరెంటు స్తంభం లేదు.