ఉప్పు డబ్బాలోని చెంచాకు

చెంచా గారూ,

మా ఇంట్లో ఎవరి మాట చెల్లినా చెల్లకపోయినా మీ మాట చెల్లుతుంది. కూరలో ఉప్పు ఎంతేశావంటే 'ఒక చెంచా' అంటారు, చర్చ అక్కడితో ఖతం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి కాంటా దగ్గర కిలో తేడా వస్తే ఊరుకోని మా బాబాయి కూడా ఇంటికొచ్చాక మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగడు. అందుకే మేమే మిమ్మల్ని కాంటా ఎక్కించాల్సి వచ్చింది.

మీకు పట్టేది 5 మిల్లీలీటర్లు. అంత జాగాలో సందు లేకుండా గట్టి ఉప్పు ఉంటే 11 గ్రాములకు కాస్త తక్కువ తూగాలి. తలగొట్టి కొలిచిన సన్నుప్పు తూగేది 6 గ్రాములు. అంటే మీరు అంత దర్జాగా మోసుకొచ్చే సరుకులో దగ్గర దగ్గర సగం గాలే. పోనీ ఆ 6 అయినా ఖాయమా అంటే, కుప్పగా తీస్తే ఒక లెక్క, డబ్బా అంచుకు రాసి తీస్తే ఒక లెక్క, చేతిలో ఫోను పెట్టుకొని తీస్తే దేవుడి లెక్క. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మీరు ఒక్కసారి మునిగి లేస్తే ఆ కోటా దాటిపోయినట్టే. బీపీ ఉన్న మా పెద్దమ్మకు 'ఒక్క చెంచానే కదా' అని ధైర్యం చెప్పేదీ మీరే.

మీ అన్న స్టీలు గ్లాసు సంగతి ఇంకా ఘోరం. చపాటా పండుమిర్చి తొక్కుకు కరీంనగర్ చిన్నమ్మ వాట్సాప్‌లో కొలత పంపింది, గ్లాసు ఉప్పు అని. ఆమె గ్లాసులో ఉండేది దొడ్డుప్పు, హన్మకొండలో మా వదిన గ్లాసులో పోసింది సన్నుప్పు, అదీ గ్లాసును గట్టు మీద రెండుసార్లు తట్టి మరీ. దొడ్డు గల్లుల మధ్య సందులు ఎక్కువ కాబట్టి మా ఇళ్లలో దొరికే రకం 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 200 గ్రాములకు అటూఇటూ తూగుతుంది, సన్నుప్పు 240 దాటుతుంది, తడితే ఇంకా దిగుతుంది. తొక్కు నోట్లో పెట్టలేకపోయాం. తప్పు వదినదా చిన్నమ్మదా అని ఫోన్లు నడిచాయి గానీ గ్లాసు పేరు ఎవరూ ఎత్తలేదు. అదే తిరగబడి ఉప్పు తక్కువైతే బూజు పట్టేది, అప్పుడు మడి, తడి చేయి, దిష్టి అన్నీ బయటికి వచ్చేవి.

విదేశాల్లో మీ చుట్టాలు కూడా తక్కువేం కాదు. అందరి టేబుల్‌స్పూన్ 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాది 20. అమెరికాలో డైమండ్ క్రిస్టల్ అనే కంపెనీ కోషర్ ఉప్పు (వంటకు వాడే పెద్ద పలుకుల ఉప్పు) చెంచాకు 3 గ్రాములు కూడా తూగదు, అక్కడి వంట వీడియో చూసి ఇక్కడ సన్నుప్పు వేస్తే రెట్టింపు పడుతుంది. మీకేం, మీరు వేసేది వేసి సింకులో పడుకుంటారు.

(కాంటా కూడా పతివ్రతేం కాదు. ముసురు రోజుల్లో దొడ్డుప్పు నీళ్లు పీలుస్తుంది, ఆ నీళ్లను కూడా కాంటా ఉప్పు కిందే తూస్తుంది. అందుకే తొక్కు ఉప్పును ముందు ఎండలో పోస్తారు. పైగా మా వంటింటి కాంటాకు ఒకటి రెండు గ్రాములు ఆనవు.)

కాబట్టి ఆర్డర్ ఇది. తలగొట్టి పది చెంచాలు గిన్నెలో పోసి తూచి, వచ్చినదాన్ని పదితో భాగించి ఆ అంకెను డబ్బా మూతకు అంటించాం. ప్యాకెట్ మారినప్పుడల్లా మళ్లీ తూస్తాం. రోజూ కూరలకు మీరు ఇదే పోస్టులో ఉండొచ్చు. తొక్కుల సీజన్లో మాత్రం దొడ్డుప్పు జాడీ దగ్గరికి రావద్దు, ఆ నెల రోజులు మీకు జీలకర్ర డబ్బాకు డెప్యుటేషన్. గ్లాసును ఇప్పటికే మజ్జిగకు ట్రాన్స్‌ఫర్ చేశాం.