ఆటలోకి రాజకీయాలను తెచ్చింది ఆటగాళ్లు కాదు

అమెరికాలోని బంధువుల నుంచి హైదరాబాద్ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల దాకా ఒక సందేశం తిరుగుతోంది. అక్కడి సంప్రదాయవాద వ్యాఖ్యాతల వాదనే తెలుగులో: ‘ఒకప్పుడు ఆట ఆటగానే ఉండేది. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కెపర్నిక్ జాతీయ గీతం వేళ మోకాలు వంచి దాన్ని చెడగొట్టాడు. సైనికులను అవమానించాడు. జనం చూడటం మానేశారు. మన క్రికెటర్లూ నోరు మూసుకుని ఆడుకోవాలి.’

రోజంతా పనిచేసి వచ్చినవారు కాసేపు ప్రశాంతంగా మ్యాచ్ చూడాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఈ సందేశంలో నిలిచేది ఆ కోరిక ఒక్కటే.

ఆట ఆటగానే ఉండేదన్నది నిజం కాదు. స్టేడియాల్లో సైనికులకు జరిగే సత్కారాల వంటి కార్యక్రమాల్లో కొన్నింటికి అమెరికా రక్షణ శాఖే జట్లకు ప్రజల సొమ్ము చెల్లించిందని 2015లో జాన్ మెకెయిన్, జెఫ్ ఫ్లేక్ బయటపెట్టారు. ఇద్దరూ సంప్రదాయవాదుల పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ సెనేటర్లే. జట్టు మనసారా చేస్తోందనుకుని ప్రేక్షకులు లేచి చప్పట్లు కొట్టారు. తరువాత అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ 7 లక్షల డాలర్లకు పైగా తిరిగి ఇచ్చింది. ఇదంతా కెపర్నిక్ నిరసనకు ముందే జరిగింది.

సైనికులను అవమానించాడన్న ఆరోపణ నన్ను ఎక్కువగా బాధిస్తుంది. పోలీసుల చేతుల్లో నల్లజాతివారు పడుతున్న బాధలకు నిరసనగా కెపర్నిక్ మొదట బెంచీ మీదే కూర్చున్నాడు. సైన్యపు ప్రత్యేక దళంలో పనిచేసిన నేట్ బోయర్ అతన్ని కలిసి, మరణించిన తోటివారి సమాధుల ముందు సైనికులు మోకాలు వంచుతారని చెప్పాడు. ఆ సలహాతోనే అతను పద్ధతి మార్చుకున్నాడు. అది నచ్చకపోతే నచ్చలేదనవచ్చు. లేని ఉద్దేశాన్ని అంటగట్టడం అన్యాయం.

ఇక జనం చూడటం మానేశారన్న మాట. ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌ల టీవీ వీక్షకులు 2016, 2017లలో తగ్గారు, కానీ 2018లో మళ్లీ పెరిగారు.

ఇక మన సంగతి.  ఉప్పల్ క్రికెట్ స్టేడియానికి ఉన్నది రాజీవ్ గాంధీ పేరు. టెస్టులు జరిగిన ఎల్బీ స్టేడియంలో 1983లో ఎన్టీఆర్, 2023లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరిన భారత్, జాతివివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో ఆడకుండా కప్పునే వదులుకుంది. అందుకు ఇప్పటికీ గర్విస్తాం. పుల్వామా దాడి తరువాత 2019లో మన జట్టు రాంచీలో సైనిక టోపీలు పెట్టుకుని ఆడితే అందరం మెచ్చుకున్నాం, నేనూ మెచ్చుకున్నాను. ఆ రోజు నోరు మూసుకుని ఆడమని మా గ్రూపులో ఒక్కరూ అనలేదు.

మైదానంలో ఎవరి సందేశమూ వద్దనేవారి వాదన వేరు. 2019 ప్రపంచకప్‌లో ధోనీ గ్లవ్స్ మీది సైనిక చిహ్నాన్ని తీసేయమన్న ఐసీసీ, 2023లో ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజా బూట్ల మీది నినాదాలనూ అడ్డుకుంది. అందరికీ ఒకేలా వర్తింపజేస్తే ఆ నియమం నాకు సమ్మతమే. కానీ 2017లో దేశాధ్యక్షుడిగా ఉన్న ట్రంప్, అలబామా సభలో నిలబడి, జాతీయ గీతం వేళ అలా నిరసన తెలిపే ఆటగాళ్లను తొలగించాలని జట్ల యజమానులకు పిలుపునిచ్చాడు. దానికి చప్పట్లు కొట్టినవారికి, ఆటకు రాజకీయాలు దూరంగా ఉండాలని చెప్పే అర్హత లేదు.