సవరణ: టీఎంఆర్ కార్డు ఉంటే ఒక్క థర్మోకపుల్ చాలు అన్నది తప్పు

మొన్న పెట్టిన పోస్టులో, టీఎంఆర్ (ట్రిపుల్ మాడ్యులర్ రిడండెంట్, అంటే ఒకే పనికి మూడు సర్క్యూట్లు పెట్టి, ఓటింగ్‌తో మెజారిటీ మాట తీసుకునే) ఇన్‌పుట్ కార్డులో ఎలాగూ మూడు ఛానెళ్లు ఉంటాయి కాబట్టి థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల వైర్లు కలిసే చోట, అంటే జంక్షన్ దగ్గర, వేడిని కొలిచే సెన్సర్) ఒక్కటి పెట్టినా సరిపోతుందని రాశాను, అది తప్పు. కార్డు మాన్యువల్ మళ్లీ చదివితే తెలిసింది, మూడింతలయ్యేది లోపలి సర్క్యూట్లే, టెర్మినల్ దాకా వచ్చే వైరు జత ఒకటే, మూడు ఛానెళ్లూ దాన్నే చదువుతాయి. వైరు తెగితే బర్న్‌అవుట్ డిటెక్షన్ పట్టేస్తుంది సరే, కానీ జంక్షన్ బాక్సులో రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయనుకోండి, అక్కడే కొత్త జంక్షన్ తయారై, ఫర్నేస్ 800 డిగ్రీల్లో ఉన్నా బాక్సు దగ్గరున్న 45 డిగ్రీలే చూపిస్తుంది, మూడు ఛానెళ్లూ ఒకే మాట చెప్తాయి కాబట్టి ఓటింగ్‌లో తేడా రాదు, ట్రిప్పూ (వేడి మితిమీరితే ఫర్నేస్ దానంతటదే ఆగిపోవడం) రాదు. నాకు భయమేసింది ఇక్కడే. హై టెంపరేచర్ ట్రిప్‌కి మూడు విడి థర్మోకపుల్స్, వీలైతే విడి కార్డుల మీద, టూ అవుటాఫ్ త్రీ (మూడింటిలో రెండు చెప్పిందే లెక్క) ఓటింగ్‌తో పెట్టండి. నా పోస్టు చూసి ఎవరైనా లూప్ డ్రాయింగ్‌లో (సెన్సర్ నుంచి కార్డు దాకా వైరింగ్ చూపే డ్రాయింగ్) సెన్సర్లు తగ్గించి ఉంటే దయచేసి వెనక్కి మార్చేయండి.