సవరణ: నూరువరహాల గురించి నేను రాసింది తప్పు

తిరుపతి ఎండకు తట్టుకునే పొదల గురించి మొన్న రాస్తూ, నూరువరహాలను ‘నాటి మరిచిపోవచ్చు’ అన్నాను. అది తప్పు. కేరళ తోటల్లో చూసిన మొక్కను ఇక్కడి నేలకు అంటగట్టాను. అక్కడ ఆమ్ల గుణమున్న ఎర్రమట్టి, విస్తారమైన వాన. ఇక్కడ చాలామంది పోసేది సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు. వాటితో నేల క్షారంగా మారితే వేర్లు ఇనుమును అందుకోలేవు. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఉద్యాన పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయమే ఇది. మా గోడ పక్కనున్న మొక్క కూడా రెండేళ్లుగా అదే చెబుతోంది, నేనే వినలేదు. పెద్దగా పట్టించుకోనక్కరలేనిది కాగితం పూల పొద. వేరూనుకున్నాక నీళ్లు తగ్గిస్తేనే అది విరగబూస్తుంది.

మరొకటి. గన్నేరును పశువులు ముట్టవని రాస్తే, పిల్లలకూ క్షేమమని కొందరు అర్థం చేసుకున్నారు. కాదు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. గుండె మీద దెబ్బ తీస్తాయి. పశువులు వదిలేసేది చేదు వల్ల. ఎండుటాకు మేతలో కలిస్తే అవీ తినేస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో గన్నేరు వద్దు.