సవరణ: ఎముక ముక్కల్లో కనిపించే పచ్చ వెలుగు

ఎముక కణాలను మైక్రోస్కోప్ కింద చూడటం గురించిన పాత పోస్టులో "కోసే ముందు యాసిడ్‌తో కాల్షియం తీసేస్తే చాలు" అని ఉంది. జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) ఉన్న ఎలుకల ఎముకలకు ఆ మాట వర్తించదు. పీహెచ్ 5 కన్నా కిందికి పోతే ఈ ప్రోటీన్ వెలుగు బాగా పడిపోతుంది. ఫార్మిక్ యాసిడ్‌లో నానిన తొడ ఎముక చక్కగా మెత్తబడుతుంది, కానీ స్లయిడ్ పెట్టి చూస్తే దాదాపు చీకటే. యాసిడ్ బదులు పీహెచ్ 7.4 దగ్గర ఉంచిన ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి లాగే రసాయనం) వాడాలి. రోజుల తరబడి పడుతుంది, ఆ ఓపిక తప్పదు.

కాల్సీన్‌ను కూడా అదే పోస్టులో ప్రోటీన్ల జాబితాలో చేర్చారు. అది ప్రోటీన్ కాదు, కొత్తగా గట్టిపడుతున్న ఎముకలోని కాల్షియానికి అంటుకుని పచ్చగా వెలిగే రంగు. జీఎఫ్‌పీని కణమే తయారు చేసుకుంటుంది; జీఎఫ్‌పీ జన్యువును కొల్లాజెన్ జన్యువు ప్రమోటర్‌తో (జన్యువును పనిచేయించే స్విచ్ లాంటి భాగం) కలిపితే ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు వెలుగుతాయి. ఈడీటీఏ కాల్షియంతో పాటు కాల్సీన్‌నూ లాగేస్తుంది. జీఎఫ్‌పీ వెలుగు, రంగు రెండూ కావాలంటే కాల్షియం తీయకుండానే గడ్డకట్టించి, టేపు అంటించి కోయాలి. అప్పుడు కూడా కాల్సీన్ బదులు ఎర్రగా వెలిగే అలిజరిన్ కాంప్లెక్సోన్ ఎంచుకోండి, పచ్చలో పచ్చ కలిసిపోదు.

మరొకటి: మూలుగకు సొంత వెలుగు ఉంటుంది. జీఎఫ్‌పీ లేని తోబుట్టువు ఎలుక ఎముకను అదే ఎక్స్‌పోజర్‌తో ఫొటో తీసి పోల్చండి, ఏది జీఎఫ్‌పీ వెలుగో తేలుతుంది.