మార్కులను బట్టి దోస్తులా?

పరీక్ష మార్కులు రాగానే సెక్షన్లు మార్చేసే ప్రైవేటు బడులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొల్లలు. ఒక్క టెస్టులో మార్కులు తగ్గితే పిల్లాడు బ్యాగు సర్దుకుని పక్క గదికి పోవాల్సిందే. నిన్నటిదాకా ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు ఇవాళ లంచ్ బెల్లులోనూ కలవరు. యాజమాన్యాలు దీన్ని పోటీ అంటున్నాయి. పిల్లల ఆలోచనకే ఇది చేటని మేం అంటున్నాం.

ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించడం కూడా, లెక్క చేయడంలాగే, ఆలోచనే. 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పారు. మాక్సి అనే పిల్లాడు చాక్లెట్‌ను అలమారాలో పెట్టి బయటికెళ్తాడు. ఈలోగా వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమారాలోకి మారుస్తుంది. వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటునే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికీ తెలుసనుకుంటారు. ‘వాడికి తెలీదుగా’ అన్న ఎరుక నాలుగైదేళ్లకు గానీ కుదురుకోదు.

ఈ ఎరుకకూ స్నేహాలకూ లంకె ఉంది. 2015లో మనస్తత్వ పరిశోధకురాలు వర్జీనియా స్లాటర్ బృందం 20 అధ్యయనాలను కలిపి చూస్తే, ఎదుటివారి మనసు పసిగట్టగలిగే పిల్లలను తోటివారు ఎక్కువ ఇష్టపడుతున్నట్టు తేలింది. సంబంధం మరీ పెద్దదేం కాదు, ఆడపిల్లల్లో కాస్త గట్టిగా కనిపించింది. కావాలని చేశారో, పొరపాటున జరిగిందో తేలనప్పుడు దూకుడు పిల్లలు కావాలనే చేశారనుకుంటారని మనస్తత్వ పరిశోధకుడు కెన్నెత్ డాడ్జ్ 1980లోనే చూపించాడు. చెయ్యి తగిలి వాటర్ బాటిల్ ఒలికి నోట్సు తడిసిందనుకుందాం. ఒకడు ‘చూసుకోలేదేమోలే’ అని తుడుచుకుంటాడు, ఇంకొకడు కాలర్ పట్టుకుంటాడు. ఆ రెండోవాణ్ని నాలుగు రోజులు పోతే ఎవరూ ఆటకు పిలవరు. ఆడితేనే కదా అవతలివాడి మనసు తెలిసేది! టీచరు కూడా ‘వీడింతే’ అనేస్తే ఇక చెప్పేదేముంది.

కలిపి కూర్చోబెడితే చదువులు పాడవుతాయన్నది తల్లిదండ్రుల టెన్షన్. ఢిల్లీలో 2007 నుంచి పెద్ద ప్రైవేటు బడులు పేదపిల్లలకు 20 శాతం సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. దాని ఫలితాలపై ఆర్థికవేత్త గౌతమ్ రావు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. పేద క్లాస్‌మేట్లతో చదివిన సంపన్నుల పిల్లల్లో ఉదారత పెరిగింది. రిలే పరుగుకు జట్టు ఎంచుకునేటప్పుడు పేదపిల్లలను పక్కన పెట్టడం తగ్గింది. హిందీ, లెక్కల మార్కుల్లో తేడా లేదు, ఇంగ్లిష్‌లో మాత్రం కొంచెం తగ్గాయి. ఆ మాత్రం నష్టానికి భయపడి పిల్లలను విడదీయడం మాకు సమంజసంగా తోచడం లేదు.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకు ఇవ్వాల్సిన 25 శాతం సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో గానీ మొదలుకాలేదు. తెలంగాణలో ఆ సంగతి ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. సీటిచ్చి వెనక వరుసలో విడిగా కూర్చోబెడితే ఆ చట్టం తెచ్చీ ప్రయోజనం లేదు.

కనీసం అయిదో తరగతి వరకు మార్కుల సెక్షన్లను నిషేధిస్తూ రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. తనిఖీకి వెళ్లే ఎంఈఓలు హాజరు రిజిస్టరుతో పాటు సెక్షన్ల జాబితానూ తెరిచి, ఏ పిల్లవాడు ఏ గదిలో ఎందుకున్నాడో హెడ్‌మాస్టరును అడగాలి.