తిత్లీ లాంటి తుఫాను రాత్రి అణు పదార్థం ఉన్న కంటైనర్ జాడ ఎవరు చెబుతారు?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. భూములు, పరిహారం, మత్స్యకారుల వేట గురించి చాలా మాట్లాడుకున్నాం. అణు పదార్థం రోడ్డెక్కాక దాని మీద కన్నేసి ఉంచేదెవరన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

నిజానికి కొవ్వాడ దాకా ఆగక్కర్లేదు. పైపుల వెల్డింగ్ అతుకుల్లో లోపాలు పట్టే, ఇరిడియం-192 అనే రేడియేషన్ వెదజల్లే పదార్థం ఉన్న పెట్టెలు ఇప్పటికే దేశంలో ఊరూరా తిరుగుతున్నాయి. చిన్నవి కాబట్టి పోగొట్టుకోవడం తేలిక. 2019 జనవరిలో మన రాష్ట్రంలోనే, చమురు బావుల పనికి వాడే, అలాంటిదే మరో పదార్థం సీసియం-137 ఉన్న కంటైనర్ మాయమైంది. వెతగ్గా వెతగ్గా కృష్ణా జిల్లాలో పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికింది. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఆ అదృష్టం దక్కలేదు. యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత యంత్రంలో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉందని తెలియక తుక్కు కొట్టులో విప్పారు. పాపం, ఒక కార్మికుడు చనిపోయాడు.

ఇలాంటివి పట్టుకునే పరికరాలు లేక కాదు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల అణు పదార్థాల డ్రమ్ముల కోసమే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్, అంటే రేడియో తరంగాలతో సమాచారం పంపే చిన్న పరికరం, తయారుచేసింది. దాన్ని మూత బోల్టులకే బిగిస్తారు. ఎవరైనా బోల్టు వదులు చేస్తే సెన్సర్ పసిగడుతుంది. వేడి, తేమ, కుదుపు, రేడియేషన్ హద్దు దాటినా అలారం పంపుతుంది, జరిగింది తన మెమరీలో రాసుకుంటుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాడే ఎలక్ట్రానిక్ సీళ్లలో ఆప్టికల్ ఫైబర్ తీగ ఉంటుంది. సీలు ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో టైముతో సహా నమోదవుతుంది.

నా టెన్షనంతా ఆ అలారం చేరే దారి గురించే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఎలా ఉందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి రాత్రి హైవే మీద ఒక లారీ ఆగిపోతే, మొబైల్ సిగ్నల్‌ను నమ్ముకున్న ట్రాకర్ ఎవరికి చెబుతుంది? అందుకే మన తీరంలో శాటిలైట్ లింకు కూడా తప్పనిసరి చేయాలి. తుఫాను హెచ్చరిక వెలువడితే రవాణా ఆపేయాలి, బయల్దేరిన బండిని ఎక్కడ నిలపాలో ముందే ఖరారు చేయాలి.

ఇంకో మాట. అలారం ముంబైలోని అణుశక్తి శాఖ కంట్రోల్ రూముకు చేరినా, పరిగెత్తాల్సింది స్థానిక ఎస్సై, ఫైర్ సిబ్బందే. పైడిభీమవరం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే పక్క స్టేషన్లన్నిటికీ ఆ సందేశం నేరుగా అందాలి. వాళ్ల చేతికి రేడియేషన్ కొలిచే మీటరు ఇవ్వాలి, దాన్ని వాడటం నేర్పాలి. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు కనిపిస్తే ముట్టుకోకుండా ఫోన్ చేయాలని తుక్కు కొట్ల వాళ్లకు, ఊరూరా తిరిగి ఇనుము కొనేవాళ్లకు చెప్పాలి. ఈ ఖర్చంతా రవాణా లైసెన్సు షరతుల్లోనే రాయించాలని మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఇప్పుడే అడగాలి.